ముందుగాల పులుసు గిన్నె మార్చుండ్రి

పొద్దుగాల పదింటికి మా వాడల మైక్ బండి వస్తది. "పాత ఇనుము, పాత ఇత్తడి, రాగి, సిల్వర్ సామాన్లు కొంటం" అని ఒకటే రికార్డు మోగుతనే ఉంటది. అటక మీదున్న అవ్వ కాలం నాటి ఇత్తడి గుండిగ కిందికి దిగుతది. తూకం అయితది, పైసలు చేతికొస్తయి. వారం తిరగకముందే అంగట్ల మెరుస్తున్న సిల్వర్ బగోన్లు రెండు కొని తెచ్చుకుంటం. తేలిగ్గ ఉంటయి, తొందరగ కాగుతయి, కింద పడితే సొట్ట పడుడే గానీ పగలవు. ఊర్లల్ల నూటికి తొంబై ఇండ్లల్ల వంటిల్లంటే గిదే.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఇంకో లొల్లి. "సిల్వర్ గిన్నెల వండితే క్యాన్సర్", "కుక్కర్ల వండిన పప్పు విషం", "మట్టి కుండనే అమృతం" అని ముప్పై సెకండ్ల వీడియోలు వరుసగ వస్తనే ఉంటయి. సగం వీడియోల కింద మూడు వేల రూపాయల కడాయి అమ్మే లింకు ఉంటది. భయం పెట్టుడు, సామాను అమ్ముడు రెండూ ఒకరే చేస్తున్నరన్నట్టు. ఇది చూసిన పిల్లగాడు ఇంట్లకు పోయి అమ్మ మీద గరం అయితడు: "ఇంకా గీ గిన్నెలల్లనే వండుతున్నవా?" అని. అమ్మ ఏం చేస్తది పాపం. ఉన్న గిన్నెల వండుతది.

అందుకే ఈ ముచ్చట జర నిమ్మళంగ మాట్లాడుకుందాం. గిన్నెల గురించి భయపడే సంగతులు ఉన్నయి, కానీ అవి వీడియోల చెప్పేటియి కావు. అసలు అడగవల్సిన ప్రశ్నలు రెండే. ఆ లోహంల ఏం కలిసింది? ఆ గిన్నెల మనం ఏం వండుతున్నం, ఎంతసేపు ఉంచుతున్నం?

సిల్వర్ కాని సిల్వర్

మనం సిల్వర్ అనేది వెండి కాదు, అల్యూమినియం. కొన్ని దిక్కుల సత్తు గిన్నెలంటరు. 1886ల అల్యూమినియంను కరెంటుతోని చవకగ తీసే పద్ధతి దొరికింది. పదేండ్లు దాటంగనే అది మన దేశపు వంటింట్లకు వచ్చింది. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌ల ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఆయన 1898 ప్రాంతంల అల్యూమినియం గిన్నెలు చేయించుడు మొదలువెట్టిండు. అప్పట్ల దానికి గిరాకీ ఎందుకొచ్చిందో తెలుసా? ఇత్తడికి, రాగికి ఏడాదికోపాలి కళాయి పెట్టియ్యాలె, దీనికి ఆ బాధ లేదు అని. అంటే అప్పుడు ఇదే "సేఫ్" గిన్నె అన్నట్టు.

అది పూర్తిగ అబద్ధం గూడ కాదు. అల్యూమినియంకు గాలి తగిలితె పైన సన్నటి పొర ఏర్పడుతది. కంటికి కనవడది. ఆ పొరనే లోపలి లోహాన్ని కాపాడుతది. ఆ గిన్నెల బియ్యం వండితే, నీళ్లు కాగవెడితే, పాలు పొంగిస్తే లోహం పెద్దగ దిగది. పులుపు తగిలినప్పుడు మాత్రం ఆ పొర కరుగుతది. ఉప్పు సుత తోడైతే గిన్నెకు సన్నసన్నటి గుంతలు వడ్తయి. మన వంటల పులుపు లేనిదేంది చెప్పుండ్రి. చింతపండు చారు, పప్పుచారు, చేపల పులుసు, టమాట కూర, గోంగూర. ఇయ్యన్నీ వండుడు ఒక ఎత్తు. పొద్దుగాల వండిన చారును రాత్రిదాక అదే గిన్నెల ఉంచి, మళ్ల వేడి చేసుకొని తినుడు ఇంకో ఎత్తు.

ఇంకో అలవాటు గూడ ఉంది మనకు. గిన్నె లోపల నల్లవడితే అమ్మలకు నిద్ర పట్టది. ఇటుక పొడి, బూడిద, ఇనుప పీచు పెట్టి తళతళ మెరిసేదాక తోముతరు. తోమిన ప్రతిసారి ఆ కాపాడే పొర పోతది. అల్యూమినియం గిన్నె లోపలి నలుపు మురికి కాదు. మెత్తటి పీచుతోని జిడ్డు పోయేదాక కడిగితే చాలు.

మరి ఎంత అల్యూమినియం ఒంట్లకు పోతే ప్రమాదం? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి పెట్టిన నిపుణుల కమిటీ 2011ల ఒక లెక్క చెప్పింది. మనిషి బరువు కిలోకు వారానికి 2 మిల్లీగ్రాములు. యాభై కిలోల మనిషికి వారానికి 100 మిల్లీగ్రాములు, పదిహేను కిలోల పిల్లకు 30 అన్నట్టు. ఇండ్ల గిన్నెల నుంచి దిగేదే కాదు, తిండిల సహజంగ ఉండేది, బేకింగ్ పౌడర్ లెక్కటి వాటిల కలిపేది అంతా కలిసింది. ఒంట్లకు పోయిన దాంట్ల చాన శాతం రక్తంల కలవకుంటనే బయటికి పోతది. కలిసిన కొంచెం కిడ్నీలు తీసేస్తయి. మతిమరుపు రోగం అల్యూమినియం గిన్నెలతోనే వస్తదని చెప్పే వీడియోలకు రుజువు లేదు. శానా ఏండ్ల నుంచి పరిశోధనలు జరుగుతున్నయి, గిన్నెల మీద నేరం రుజువు కాలె.

కానీ కిడ్నీలు దెబ్బతిన్నోళ్ల సంగతి వేరే. వాళ్ల ఒంట్ల అల్యూమినియం బయటికి పోక పేరుకపోతది. డయాలసిస్ కొత్తగ వచ్చిన రోజులల్ల, 1970లల్ల, నీళ్లల్ల ఉన్న అల్యూమినియంతోని డయాలసిస్ రోగులకు మెదడు దెబ్బతిన్న సంగతి డాక్టర్లు కనిపెట్టిండ్రు. అందుకే శ్రీకాకుళం ఉద్దానం అసొంటి జాగలల్ల, లేకుంటే ఏ ఊర్లనన్న కిడ్నీ రోగి ఉన్న ఇంట్ల, పుల్లటి వంటకు అల్యూమినియం గిన్నె వాడొద్దు. ఉద్దానం రోగానికి గిన్నెలు కారణమని అంటలేను. రోగం ఉన్నోళ్లకు జాగ్రత్త చెప్తున్న.

అసలు దొంగ సీసం

మైక్ బండి తీసుకపోయిన సామాను ఏడికి పోతదో ఎప్పుడన్న ఆలోచించిన్రా? పెద్ద కంపెనీలు గని నుంచి వచ్చిన అల్యూమినియంను శుద్ధి చేసిన రేకులతోని గిన్నెలు చేస్తయి. అట్లగాకుంట తుక్కును కరగవోసే చిన్న చిన్న బట్టీలు ఉంటయి. ఆ బట్టీలకు పోయే తుక్కుల స్కూటర్ ఇంజన్ ముక్క ఉండొచ్చు, బండి రేడియేటర్ ఉండొచ్చు, రంగు పూసిన కిటికీ ఫ్రేము ఉండొచ్చు. ఇవన్నీ ఒక్క మూసల కరిగితే ఆ ముద్దల ఏమేం కలిసినయో పోసినోనికి గూడ ఎర్కుండది. దాంట్ల సీసం కలిస్తె అదే గిన్నెకొస్తది.

సీసానికి రుచి లేదు, వాసన లేదు. గిన్నె చూసి చెప్పరాదు. ఒంట్లకు ఎంత పోతే ఫరక్ వడదో ఆ హద్దు గూడ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. పెద్దోళ్లకు బీపీ, కిడ్నీ బాధలు తెస్తది. చిన్నపిల్లలకు ఇంకా ఘోరం, ఎదిగే మెదడును దెబ్బ తీస్తది. చదువు మీద మనసు నిలవది, తెలివి తగ్గుతది. ఆ పిల్లగాన్ని మనం మొద్దు అంటం, సారు దెబ్బలు కొడ్తడు. గిన్నెల కెళ్లి వచ్చిందని ఎవ్వలకూ అనుమానం రాదు.

ఈ సంగతి బయటవడ్డ తీరు వినవల్సిందే. అమెరికాల సియాటిల్ పట్నం ఉన్న కింగ్ కౌంటీల, అఫ్గానిస్తాన్ నుంచి శరణు కోరి వచ్చిన కుటుంబాల పిల్లలకు రక్త పరీక్షలు చేస్తే సీసం ఎక్కువ కనవడ్డది. ఇండ్లు చూసిండ్రు, గోడల రంగులు చూసిండ్రు, మసాలాలు చూసిండ్రు. ఆఖరికి వాళ్లు తమ దేశంకెళ్లి మోసుకొచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ల కాడ సంగతి తేలింది. ఆ గిన్నెలల్ల పుల్లటి ద్రావణం పోసి కాగవెట్టి చూస్తే శాన గిన్నెల నుంచి సీసం దిగింది. అట్లనే పరీక్ష చేసిన స్టీలు గిన్నెల నుంచి దిగింది శానా తక్కువ. ఆ పరిశోధన 2022ల అచ్చయింది. తర్వాత 2024ల వాషింగ్టన్ రాష్ట్రం గిన్నెలల్ల సీసం మీద చట్టమే తెచ్చింది.

అది అఫ్గాన్ ముచ్చట, మనకేంది అనుకోవద్దు. 2025 ఆగస్టుల అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. బయటి దేశాలకెళ్లి వచ్చే కొన్ని అల్యూమినియం, ఇత్తడి గిన్నెల నుంచి, హిండాలియం, ఇండాలియం అని పిల్చే మిశ్రమ లోహం గిన్నెల నుంచి సీసం తిండిలకు దిగుతున్నదని. అందుల మన దేశంల తయారైన సామాను గూడ ఉంది. హిండాలియం గిన్నె అంటే అంగట్ల మనం గట్టి గిన్నె అని ఏరుకొని కొనేదే. మన దగ్గరి ప్రతి హిండాలియం గిన్నెల సీసం ఉన్నదని దీని అర్థం కాదు. కొన్నింట్ల దొరికింది, ఏది మంచిదో ఏది కాదో కంటితోని చూస్తే తెల్వది. అసలు ఇబ్బంది గదే.

2020ల యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి ఒక నివేదిక ఇచ్చినయి. ప్రపంచంల ప్రతి ముగ్గురు పిల్లలల్ల ఒకరి రక్తంల సీసం ఎక్కువ ఉంది, మన దేశంల అసొంటి పిల్లలు 27 కోట్లకు పైనే ఉంటరని వాళ్ల అంచనా. దీనికంతా గిన్నెలే కారణం కాదు. పాత బ్యాటరీలు కరగవోసే జాగలు, రంగులు, కల్తీ పసుపు అసొంటియి శాన ఉన్నయి. కానీ బ్యాటరీల బట్టీని మనం మూయించలేం. పొయ్యి మీది గిన్నెను మార్చుకోవచ్చు.

మరి కొనేటప్పుడు ఏం చూడాలె? ఐఎస్ఐ మార్కు. 2024 మార్చిల కేంద్ర ప్రభుత్వం అల్యూమినియం, స్టీలు వంట సామానుకు ఐఎస్ఐ మార్కు ఉండాలని ఆర్డర్ తెచ్చింది. అల్యూమినియం గిన్నె మీద ఐఎస్ 1660 అని, స్టీలు గిన్నె మీద ఐఎస్ 14756 అని ఉంటది. ప్రెషర్ కుక్కర్‌కు ఈ రూలు ఇంకా ముందే, 2021 నుంచే ఉంది, దాని నంబరు ఐఎస్ 2347. కుక్కర్ అయితే పేలే సామాను గూడ, మార్కు లేనిది ఎంత చవకకు వచ్చినా ముట్టొద్దు. మార్కు కింద లైసెన్సు నంబరు ఉంటది, సీఎం/ఎల్ అని మొదలైతది. ఫోన్ల బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకొని ఆ నంబరు కొడితే అది అసలుదో నకిలీదో తెలుస్తది. రీల్స్ చూసే ఫోన్లనే ఈ పని గూడ అయితది. అంగట్ల కిలోల లెక్క తూకం వేసి, ఏ మార్కు లేకుంట అమ్మే గిన్నె అయితే ఎవరు చేసిండ్రు, దేనితోని చేసిండ్రు అని అడిగినా అమ్మేటోడు చెప్పలేడు.

అవ్వకు తెలిసిన సంగతి

మన పాతోళ్లకు కెమిస్ట్రీ రాకపోవచ్చు, కానీ గిన్నెల లెక్క తెలుసు. సల్ల ఇత్తడి చెంబుల పోస్తే "కిలుం ఎక్కుతది" అనేటోళ్లు. పెరుగు ముంతలనే తోడు వేసేటోళ్లు. మామిడికాయ తొక్కు జాడీలనే పెట్టేటోళ్లు, ఇనుప డబ్బాల పెట్టలే. చేపల పులుసు సట్టిల వండేటోళ్లు. పులుపు లోహాన్ని తింటదని వాళ్లకు నాలుక చెప్పింది.

హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేల దేశం మొత్తానికి కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. అండ్ల గిన్నెల ముచ్చట గూడ ఉంది. చట్నీలు, సాంబారు అసొంటి పుల్లటియి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలల్ల నిలువ ఉంచొద్దని రాసిండ్రు. అవ్వ చెప్పిందే, కాకపోతే ఇంగ్లీషుల.

ఇత్తడి, రాగి ఒంటికి మంచిదని మళ్ల ఫ్యాషన్ అయింది. రాగి చెంబుల మంచినీళ్లు తాగుండ్రి, ఏంగాదు. రాగి బాటిల్ల నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ పోసుకొని బస్సెక్కేటోళ్లను చూస్తే మాత్రం భయమైతది. ఆ పులుపుకు రాగి దిగుతది, కడుపుల తిప్పుతది, వాంతులైతయి. ఇత్తడి గుండిగల వండాలంటే లోపల కళాయి ఉండాలె. కళాయి అంటే తగరం పూత. ఒకప్పుడు ఊరికే వచ్చేటోళ్లు కళాయి పెట్టేటోళ్లు. చెట్టు కింద చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితోని ఊదుకుంట గిన్నెను ఎర్రగ కాల్చేటోళ్లు. నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేసేది. తగరం ముక్క రుద్ది దూదితోని ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపల అద్దం లెక్క అయ్యేది. చిన్నపిల్లలం గుంపుగ నిలవడి చూసేటోళ్లం, అది మాకు సినిమా. ఇప్పుడు కళాయి పెట్టేటోళ్లు జిల్లా కేంద్రాలల్ల, హైదరాబాద్ల పాతబస్తీ దిక్కు దొరుకుతరు. పెట్టిచ్చుకునేటప్పుడు ఒక్క మాట గట్టిగ అడగాలె: అసలు తగరమేనా, సీసం కలిపిందా? సీసం కలిస్తె చవక వడ్తది, మెరుపు గూడ వస్తది. అట్ల పెట్టిచ్చుకుంటే ఇంట్లకు విషాన్ని మనమే పైసలిచ్చి తెచ్చుకున్నట్టు. ఇంకొకటి, తగరం 232 డిగ్రీలకే కరుగుతది. కళాయి గిన్నెను వట్టిగ మంట మీద పెట్టొద్దు, అండ్ల పోపు మాడ్చొద్దు. ఏదన్న తడి ఉండాలె.

ఇత్తడి తుక్కుకు వేసేముందు మాత్రం ఆలోచించుండ్రి. అవ్వ గుండిగ అసొంటి మందం ఉన్న సామాను ఇప్పుడు కొనాలంటే ఎన్ని పైసలైతయో దుకాణంల అడిగి చూడుండ్రి. కళాయి పెట్టిస్తే పప్పుకు, పాయసానికి, బగారకు అంత మంచి గిన్నె దొరకది. పాత ఇత్తడిల గూడ కొన్నింట్ల సీసం ఉండొచ్చు, కొలిమి పని అలకగ కావాలని కలిపేటోళ్లు ఉన్నరు. అందుకే ఇత్తడిల గూడ పులుసు మాత్రం వద్దు.

ఇనుము, మట్టి, స్టీలు

ఇనుప కడాయి, ఇనుప పెంక. పేదోని ఇంట్ల కూడ ఉండే ఈ రెండింటిని మనం చిన్నచూపు చూస్తం. కూర నల్లవడ్తదని నాన్‌స్టిక్ తెచ్చుకుంటం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తం తక్కువుంది. ఆంధ్రప్రదేశ్ల 58.8 శాతం. సగానికంటే ఎక్కువ మంది అక్కాచెల్లెండ్లు రక్తం లేక గస వోసుకుంట పొలంల పని చేస్తున్నరన్నట్టు. ఇనుప కడాయిల వండితే ఆ ఇనుము కొంచెం కూరల దిగుతది. 1986ల అమెరికాల జరిగిన పరిశోధనల పుల్లటి, తడి ఎక్కువున్న వంటలల్లనే ఇనుము ఎక్కువ దిగుతదని తేలింది. అంటే టమాట వేసిన ఆకుకూర ఇనుప కడాయిల వండుతే మనకు లాభమే. వండంగనే వేరే గిన్నెలకు తియ్యాలె, రాత్రంత కడాయిల ఉంచితే రుచి, రంగు రెండూ పోతయి. చింతపండు పులుసు అయితే అసలే నల్లగైతది, అది వద్దు. దీనితోనే రక్తహీనత మొత్తం పోదు, డాక్టర్ ఇచ్చిన ఐరన్ గోలీలు బంద్ చేయొద్దు. ఇంట్ల తలసేమియా పిల్లలుంటే ఇనుప కడాయి సంగతి డాక్టర్‌ను అడిగినంకనే.

ఇంకో ముచ్చట. తిండిల ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లల ఒళ్లు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటది. రక్తం తక్కువున్న పిల్ల, తుక్కు గిన్నెల కాగిన చారు, ఈ రెండూ ఒక్క ఇంట్లనే ఉంటున్నయి.

మట్టి కుండకు పులుపుతోని లొల్లి లేదు. కాకపోతే ఊరి కుమ్మరి చేసిన సాదా కుండనే కొనుండ్రి. లోపల మెరిసే పూత ఉన్నది, రంగులు వేసింది వద్దు. పూతల సీసం ఉండే అవకాశముంది. కొత్త కుండను ఒక రాత్రి నీళ్లల్ల నానవెట్టి, బియ్యం కడుగు పోసి సన్నటి మంట మీద ఒకసారి కాగవెట్టి వాడుకోవాలె. సబ్బు రుద్దొద్దు, మట్టి సబ్బును పీల్చుకుంటది. వేడి కుండల చల్లనీళ్లు పోస్తే ఫట్టుమంటది. రోజూ పొద్దుగాల కూలికి పోయే ఇంట్ల కుండల వండుడు అయితదా అంటే, కాదు. అందుకే మట్టి కుండను అమృతం చేసి, కుక్కర్ వాడే తల్లిని తప్పు వట్టే వీడియోలంటే నాకు మంట.

నాన్‌స్టిక్ గురించి ఎక్కువ చెప్పను. దోశ అంటుకోకుంట వస్తది, నిజమే. ఆ పూత పేరు పీటీఎఫ్ఈ, మనం టెఫ్లాన్ అంటం. వట్టి పెంకను పెద్ద మంట మీద పెట్టి మరిచిపోతే ఆ పూత చెడి పొగలొస్తయి. 170 డిగ్రీలు దాటకుంట వాడాలని పోషకాహార సంస్థ చెప్తున్నది. మన గ్యాస్ పొయ్యి మీద ఆ లెక్క ఎవరు చూస్తరు? గీతలు వడ్డంక దాన్ని ఇంట్ల ఉంచుకోవద్దు. పాతకాలం నాన్‌స్టిక్ తయారీల వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2019ల స్టాక్‌హోం ఒప్పందం కింద నిషేధాల పట్టికల చేర్చిండ్రు. బాగ నూనె తాగిన ఇనుప పెంక మీద దోశ ఎట్లస్తదో మీ అమ్మను అడగుండ్రి.

ఇగ స్టీలు. పులుసుకు, చారుకు, సాంబారుకు, దాచిపెట్టుకునేదానికి ఊరి ఇంటికి అన్నిటికంటే సులువైంది స్టీలే. పులుపుకు తట్టుకుంటది, గట్టిగ తోమినా ఏం గాదు, పదిహేనిరవై ఏండ్లు నడుస్తది. స్టీలుల రకాలున్నయి. 304 అనే రకంల 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటది, మంచిది. 200 నంబరు రకాలల్ల నికెల్ తక్కువ వేసి మాంగనీసు ఎక్కువ కలుపుతరు, చవక. అయస్కాంతం పెట్టి చూస్తే అసలుదో నకిలీదో తెలుస్తదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. 304కు అయస్కాంతం అంటుకోదు, నిజమే, కానీ అది 200 రకానికీ సరిగ్గ అంటుకోదు. మార్కు చూసుడే దారి. స్టీలు గిన్నె అడుగు సన్నగుంటే మాడుతది, అందుకే అమ్మలకు అది నచ్చది. అడుగు మందం ఉన్నది కొంటే ఆ బాధ తప్పుతది.

ఒక్క గిన్నెతోని మొదలు

వంటిల్లు మొత్తం ఒక్కనాడే మార్చే తాకత్ ఎవరికుంది? అవసరం గూడ లేదు. బువ్వ వండే సిల్వర్ గంజు, నీళ్లు కాగవెట్టే బగోన ఉండనియ్యుండ్రి. మార్కు లేనిదైనా అండ్ల పులుపు పోయకుంటే దిగేది తక్కువ. ముందుగాల మార్చవల్సింది చారు, పులుసు వండే గిన్నె. ఒక్క స్టీలు గిన్నె, మూతతోని. పెండ్లిండ్లకు చదివింపుల కింద వచ్చిన స్టీలు సామాను చాన ఇండ్లల్ల అట్ట డబ్బాలనే ఉంటది, తీసి పొయ్యి మీద పెట్టుండ్రి. మా దిక్కు ఎంటికెలకు స్టీలు గిన్నెలిచ్చే అక్క ఇంకా వస్తది, ఆమె ఇచ్చేది సన్నగుంటది, దాచుకునేదానికి మాత్రం పనికొస్తది.

రెండోది కుక్కర్. లోపల గుంతలు వడ్డ, మార్కు లేని పాత అల్యూమినియం కుక్కర్ ఉంటే, పైసలు జమైనప్పుడు దాన్ని మార్చాలె. పప్పు ఉడికించుకునుడు కుక్కర్ల, చింతపండు కలుపుడు స్టీలు గిన్నెల. ఇంత చిన్న మార్పుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

బడి సంగతి గూడ చెప్పాలె. మధ్యాహ్న భోజనం వండే పెద్ద గుండిగలు శాన బడులల్ల సిల్వర్‌వే. పొద్దుగాల పదకొండింటికి సాంబారు దించితే, పిల్లలు తినేదాక, ఒక్కోసారి ఒంటిగంట దాటిందాక అది అండ్లనే ఉంటది. వంట చేసే అక్కలు ఏం చేయగలుగుతరు, వాళ్లకు బిల్లులే నెలల తరబడి రావు. ఊర్ల యూత్ సంఘం పేరుమీద గణపతి మండపానికి చందా జమ చేస్తం గదా, అందులకెళ్లి బడికి మందపాటి స్టీలు గుండిగ ఒకటి కొనొచ్చు. తెలంగాణల ప్రతి సర్కారు బడికి 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిండ్రు, మహిళా సంఘం అక్కలే అండ్ల ఉంటరు. మీ అమ్మనో, మీ చిన్నమ్మనో ఆ కమిటీల ఉండొచ్చు. వచ్చే మీటింగుకు వాళ్లు పోయేటప్పుడు చెప్పుండ్రి, సాంబారు ఏ గుండిగల వండుతున్నరు, వండినంక ఎంతసేపు అండ్ల ఉంటున్నది అని హెడ్‌మాస్టర్‌ను అడగమని.